భుజానికి సరిపోయే తుపాకీ

జూన్‌లో ఒక శనివారం పొద్దున్నే టెక్సస్ నుంచి మా అన్న వాట్సాప్ కాల్ చేశాడు. మా పెద్దనాయన కొడుకు. ఫోన్ చేస్తే ఊర్లో పొలం సంగతి అడుగుతాడు, లేకపోతే ఏ ల్యాప్‌టాప్ కొనాలని అడుగుతాడు. ఈసారి వేరే అడిగాడు.

"రేయ్, పిల్లోనికి రైఫిల్ కొనాల. ఏది బాగుంటాదో చూసి చెప్పు."

పిల్లోడికి పదమూడేళ్లు.

నన్నే ఎందుకడిగాడంటే, మా ఇంట్లో తుపాకీ ముట్టుకున్నవాణ్ని నేనొక్కణ్నే. ఇంజనీరింగ్‌లో ఎన్‌సీసీ, .22 రైఫిల్‌తో కొన్ని రౌండ్లు కాల్చిన అనుభవం. దానికితోడు ఏది కొనాలన్నా ఇరవై ట్యాబ్‌లు తెరిచి ఎక్సెల్ షీట్ వేస్తానని అన్నకు తెలుసు.

మనకు ఇది వింతగా ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర వేట నేరం. ఆయుధ లైసెన్స్ కావాలంటే మామూలుగా 21 ఏళ్లు నిండాలి. టెక్సస్‌లో మాత్రం నవంబర్ వస్తే జింకల సీజన్. మన పిల్లలు ఐపీఎల్ గురించి మాట్లాడుకున్నట్టు అక్కడి బళ్లో పిల్లలు వేట గురించి మాట్లాడుకుంటారు.

"ఇప్పుడెందుకు అన్నా?" అంటే అసలు సంగతి బయటికొచ్చింది.

పోయిన నవంబర్‌లో పక్కింటాయన తన .30-06 రైఫిల్ ఇచ్చి పిల్లోణ్ని వేటకు తీసుకుపోయాడు. వంద గజాల్లో జింక. కాల్చాడు. తూటా గుండెకు కాదు, కడుపులో తగిలింది. టార్చిలైట్లు వేసుకుని రాత్రి పది దాకా నెత్తుటి చుక్కలు చూసుకుంటూ వెతికారు. వంక దాటాక చుక్కలు కూడా కనిపించలేదు. జింక దొరకలేదు. పిల్లోడు ఆ రాత్రి అన్నం ముట్టలేదంట. ఇన్ని నెలల తర్వాత మళ్లీ పోతానని వాడే అడిగాడు.

"అందుకే ఈసారి పెద్దది కొంటా. .300 విన్ మ్యాగ్. తగిలిన చోటే పడిపోవాల. రేపు మనుబోతుకు కూడా పనికొస్తాది."

మనుబోతంటే మన నల్లమల మనుబోతే. 1920, 30ల్లో దక్షిణ టెక్సస్‌లోని కింగ్ ర్యాంచ్‌లో వదిలారు, అక్కడ పెరిగి గుంపులైంది. మన కృష్ణజింక కూడా 1930ల నుంచి టెక్సస్‌లో ఉంది. వేట లైసెన్స్, భూమి యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడవునా వీటిని వేటాడొచ్చు. ముదురు మనుబోతు పోతు 250 కిలోలు దాటుతుంది కాబట్టి దానికి పెద్ద తుపాకీ కావాలన్న మాట నిజమే. కానీ వీడి బరువు 40 కిలోలు.

ఏ తుపాకీ అయినా పేలినప్పుడు వెనక్కి తంతుంది. మూడున్నర కిలోల రైఫిల్ అయితే .243 వించెస్టర్ తన్ను సుమారు 10 ఫుట్-పౌండ్లు. .30-06 సుమారు 20. అన్న కొంటానన్న .300 విన్ మ్యాగ్ 25 పైనే. పక్కింటాయన భుజానికి 20 లెక్కలోది కాదు. పిల్లోడు మాత్రం రెండు మూడు సార్లు తన్ను తిన్నాక, ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసి ఒళ్లు బిగబట్టేస్తాడు. దాన్నే ఫ్లించ్ అంటారు. చెయ్యి అర సెంటీమీటర్ కదిలితే వంద గజాల దగ్గర గుండెకు పోవాల్సింది కడుపులో తగులుతుంది.

"అన్నా, కొనేముందు ఒక టెస్ట్ చెయ్. రేంజ్‌కు పోయి వాడికి తెలియకుండా తూటాల మధ్యలో ఒక డమ్మీ పెట్టు. వీడియో తీసి పంపు" అన్నాను.

మరుసటి రోజే వీడియో వచ్చింది. మూడు పేలాయి. నాలుగోది టిక్కుమంది, పేలలేదు. కానీ బ్యారెల్ మూతి దబుక్కున కిందికి వంగింది. పిల్లోడి కళ్లు గట్టిగా మూసుకున్నాయి. వీడియో కింద అన్న ఏమీ రాయలేదు.

ఆ స్థితిలో ఇంకా పెద్ద తుపాకీ కొనడమంటే, మెమరీ లీక్ ఉన్న కోడ్‌కు ర్యామ్ పెంచుకుంటూ పోవడమే. నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ క్రాష్.

అన్న ఊరుకుంటాడా? "మరి ఆండర్సన్?" అన్నాడు. చిత్తూరు చామల లోయ దాకా వచ్చి నరభక్షక పులిని వేటాడిన కెన్నెత్ ఆండర్సన్ .405 వించెస్టర్ మోసేవాడు, నిజమే. ఎదురుగా పులి వచ్చే పని ఆయనది. వీడు మంచె మీద కూర్చుని ఓపిగ్గా జింక కోసం చూసేవాడు. జిమ్ కార్బెట్ తొలి తుపాకీ సంగతి తెలుసా? ఒక గొట్టం చీలిపోయి, ఇత్తడి తీగతో కట్టిన పాత మందు తుపాకీ. 1926లో రుద్రప్రయాగ చిరుతను చంపింది కూడా .275 రిగ్బీతో. దాని తన్ను ఒక మోస్తరే.

చివరికి నా షీట్‌లో మిగిలినవి ఇవి.

తూటా .243. 1955 నుంచి ఉంది, ఎక్కడైనా దొరుకుతుంది, టెక్సస్ తెల్లతోక జింకకు సరిపోతుంది. ఇంకొంచెం బలం కావాలంటే 7ఎంఎం-08, 6.5 క్రీడ్‌మూర్. మనుబోతు సంగతి వాడికి మీసాలొచ్చాక.

కొలత. పెద్దవాళ్ల రైఫిల్లో ట్రిగ్గర్ నుంచి బట్ చివరికి పదమూడున్నర అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. పిల్లల మోడల్లో పన్నెండు, పన్నెండున్నర. బట్‌ను మోచేతి మడతలో ఆనిస్తే వేలు హాయిగా ట్రిగ్గర్‌కు అందాలి. అన్న షర్టు పిల్లోనికి తొడిగితే ఎట్లుంటుందో, అన్న రైఫిల్ అట్లే. వాడు పెరిగేకొద్దీ స్పేసర్లు వేసి పొడవు పెంచుకోవచ్చు.

చెవులు. లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ. సగం భయం శబ్దం వల్లే. మజిల్ బ్రేక్ వద్దు. తన్ను తగ్గిస్తుంది గానీ మోత పెంచుతుంది.

డబ్బు మిగిలితే ఒక .22. దాంతో జింకను కొట్టడం అక్కడ చట్టం ఒప్పుకోదు. కానీ తూటా చవక, తన్ను లేనట్టే. వెయ్యి సార్లు కాల్చి చెయ్యి కుదుర్చుకోవచ్చు.

కాగితాలు కూడా చూశాం. అమెరికాలో డీలర్లు 18 నిండనివాళ్లకు రైఫిల్ అమ్మరు, తండ్రి కొనాలి. అన్నకు గ్రీన్‌కార్డ్ ఉంది కాబట్టి సరిపోయింది. హెచ్-1బీ మీదున్నవాళ్లకు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నిషేధం, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. పిల్లోనికి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయించమన్నాను. పదిహేడు నిండని పిల్లలకు తుపాకీ అందేలా ఇంట్లో వదిలేస్తే టెక్సస్‌లో నేరం, కాబట్టి సేఫ్ కూడా కొనాలి. తాళం ఎక్కడుందో పిల్లోనికి తెలియకూడదు.

జులైలో ఊరికి పోయినప్పుడు ఈ కథంతా పెద్దనాయనకు చెప్పాను. ఆయన చేను రోళ్లపాడు దగ్గర. ప్రతి ఏడూ శనగ మొలిచేసరికి కృష్ణజింకలు గుంపులుగా వస్తాయి. రాత్రంతా డబ్బా కొట్టి తోలుతాడు. తెల్లారేసరికి నాలుగు సాళ్లు ఖాళీ. ఆ జింకల మీద చెయ్యి వేస్తే జైలు. చట్టం లేకపోయినా ఆయన వేసేవాడు కాదనుకోండి. మనవడు వేటాడుతున్నందుకు కోప్పడతాడనుకున్నా. ఆయన అడిగింది ఒక్కటే.

"దెబ్బ తగిలింది దొరకలేదా?"

"లేదు పెద్దనాయనా."

"పాణంతో యాడనో పడి కొట్టుకుంటా ఉన్నింటాది. కొట్టేవాడు ఒక్క దెబ్బకు పోయేట్టు కొట్టాల. ల్యాకుంటే కొట్టగూడదు."

అన్నకు అదే మాట పంపాను. వాళ్లింట్లో రూల్ అయింది. 20 సెంటీమీటర్ల పేపర్ ప్లేటులో, వంద గజాల నుంచి ఐదుకు ఐదు పడాలి. మూడు వారాలు వరసగా పడితేనే మంచె ఎక్కేది. లేకపోతే ఈ నవంబర్ ఇంట్లోనే.

.243 ఆగస్టులో కొన్నారు. మొదటి వారం రెండే పడ్డాయి.

పోయిన వారం ఇంకో వీడియో వచ్చింది. మళ్లీ డమ్మీ పెట్టాడంట అన్న. టిక్కుమంది. బ్యారెల్ కదల్లేదు. పిల్లోడు తలతిప్పి, "నాయనా, మళ్లీ పెట్టినావు కదా!" అని నవ్వాడు.

ప్లేటు లెక్క ఇంకా ఒక వారం మిగిలే ఉంది.