ఆల్ప్స్‌లో ఇల్లు కొనకండి

ఆల్ప్స్ పర్వతాల్లోని స్కీయింగ్ ఊళ్లో సెలవుల కోసం ఇల్లు కొనడం తప్పు. తలదాచుకోవడానికి గది దొరక్క మనుషులు తిరుగుతున్న ఊళ్లో, ఏడాదిలో పది పదకొండు నెలలు తాళం వేసి ఉంచే ఇంటికి యజమాని కావడం తప్పు. చట్టం ఒప్పుకున్నా తప్పే. బ్యాంకు అప్పిచ్చినా తప్పే. ఇల్లు అమ్మేవాళ్లు చేతిలో పెట్టే రంగుల పుస్తకంలో ఈ మాట ఎక్కడా కనిపించదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఫ్రాన్స్‌లో మాంట్ బ్లాంక్ పాదాల దగ్గరున్న షామొనీ సంగతి చూడండి. ఏడాది పొడుగునా అక్కడ కాపురముండేది తొమ్మిది వేల లోపు జనం. ఊళ్లో పది ఇళ్లుంటే దాదాపు ఏడు బయటివాళ్ల సెలవుల ఇళ్లు. నవంబరు సాయంత్రం కొన్ని వీధుల్లో నడిస్తే వరసగా మూసిన కిటికీలే ఎదురవుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే స్కీ లిఫ్టులు నడిపేవాళ్లు, హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లు, మంచు తవ్వి దారి చేసేవాళ్లు సీజన్ పనికోసం కొండెక్కి వస్తారు. గదుల కోసం వెతుకుతారు. దొరకనివాళ్లు వ్యాన్లలో పడుకుంటారు. బయట చలి సున్నాకి పది డిగ్రీలు కిందికి దిగే రాత్రుల్లో పడుకుంటారు. వాళ్లు పడుకున్న చోటికి పక్కనే ఖాళీ ఇళ్లలో హీటర్లు నడుస్తుంటాయి. యజమాని లేని ఇంట్లో పైపుల్లో నీళ్లు గడ్డకట్టకూడదు కదా! మనిషికి లేని వెచ్చదనం పైపుకు ఉంది. దీన్ని చూసి కోపం రానివాళ్లతో నేను వాదించలేను.

సీజన్ పనివాళ్లు మాత్రమే కాదు. బడి పంతులమ్మ, ఆసుపత్రి నర్సు, అగ్నిమాపక సిబ్బంది, బస్సు డ్రైవరు కూడా కొండ దిగువ పట్నాలకు తరలిపోతున్నారు. పారిస్, లండన్, జెనీవా జీతాలతో పోటీపడి ఇల్లు కొనడం వాళ్ల వల్లయ్యే పని కాదు. చిన్న కాపురాలు పోతే బడిలో పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గితే తరగతి మూస్తారు. తరగతి మూస్తే ఉన్న ఆ కొద్ది కాపురాలూ లేచిపోతాయి. ఊరు ఖాళీ అయ్యే వరస ఇదే.

సెలవుల ఇంటివాళ్లు వెంటనే అందుకునే మాట ఒకటుంది: మేం పన్నులు కడుతున్నాం, మా వల్లే ఈ ఊళ్లు బతుకుతున్నాయి అని. ఈ మాటను లెక్కలోకి దింపి చూద్దాం. మంచినీటి ట్యాంకు, మురుగునీటి శుద్ధి కేంద్రం, కరెంటు లైను, రోడ్డు వెడల్పు అన్నీ ఫిబ్రవరి బడి సెలవుల్లో కిక్కిరిసే ఆ కొద్ది వారాలకు సరిపోయేలా కట్టాలి. తర్వాత ఆ భారాన్ని ఏడాది పొడుగునా మోసేది అక్కడే ఉండే కొద్దిమంది. మూడు రోజుల పెళ్లికి వేసిన పందిరిని ఏడాదంతా నిలబెట్టి, అద్దె మాత్రం పక్కింటివాళ్ల చేత కట్టించినట్టుంది ఇది. హోటల్ గది అలా కాదు. ఒకరు ఖాళీ చేస్తే మరొకరు దిగుతారు. వంటవాడికి, పాలవాడికి, దుప్పట్లు ఉతికేవాడికి రోజూ పని ఉంటుంది. అంతమంది అవసరాన్ని అంత తక్కువ నేలలో తీర్చే పద్ధతి చేతిలో ఉండగా, ఒక్క కుటుంబానికి ఒక్క ఇల్లు రాసిచ్చి తాళం వేయించడం ఏ లెక్కన అభివృద్ధి?

ఈ పరిస్థితి దానంతటది రాలేదు. 1960లలో ఫ్రెంచి ప్రభుత్వం 'మంచు ప్రణాళిక' అని ఒకటి పెట్టి, అంతకుముందు పశువులు మేసిన ఎత్తయిన బయళ్లలో ఊళ్లకు ఊళ్లు లేపింది. లా ప్లాన్యు, లెజ్ ఆర్క్, ఫ్లేన్, అవోరియాజ్ ఆ కాలం కట్టడాలే. ఫ్లేన్‌కు మార్సెల్ బ్రాయర్, లెజ్ ఆర్క్‌కు షార్లొట్ పెరియాన్ వంటి గొప్పవాళ్లు నమూనాలు గీశారు. వాళ్ల పనితనాన్ని నేను తక్కువ చేయను. రోగం డబ్బు తిప్పిన తీరులో ఉంది. లిఫ్టులు వేయడానికి పెట్టుబడి కావాలి. ఆ పెట్టుబడి ఫ్లాట్లు అమ్మి రాబట్టారు. కొన్నవాళ్లు మొదట్లో ఏటా వచ్చారు. వయసు మీద పడింది, పిల్లలు వేరే దారి పట్టారు, ఇరుకు స్టూడియోలు పాతబడ్డాయి. అద్దెకు కూడా పోవు. ఏడాదికి నాలుగు వారాలైనా అద్దెకు పోని పడకల్ని అక్కడి అధికారులు చల్లని పడకలుగా లెక్క రాస్తారు. పడకలు చల్లబడితే లిఫ్టుల టికెట్లు అమ్ముడుపోవు. టికెట్లు అమ్ముడుపోవాలంటే మళ్లీ కొత్త ఫ్లాట్లు కట్టాలి. పాతవి ఖాళీగా నిలబడే ఉంటాయి, కొత్తవి కొండను తొలుస్తూనే ఉంటాయి. 1977లో అధ్యక్షుడు జిస్కార్ దెస్తాం వాలూయిజ్‌లో మాట్లాడుతూ కొండల్లో అడ్డూ అదుపూ లేని ఈ కట్టడాలకు కళ్లెం వేయాలన్నాడు. యాభై ఏళ్లు కావస్తోంది, ఆ యంత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. మీరు కొనబోయే ప్రతి కొత్త ఫ్లాటూ దానికి వేసే మేతే.

ఈ కొత్త ఫ్లాట్లకు తొమ్మిదేళ్లో అంతకు మించో లీజు రాసుకుని, అద్దె మేమే ఇస్తామని, పన్ను వెనక్కి వస్తుందని ఆశపెట్టే పథకాలున్నాయి. లీజు ముగిశాక మీ ఇంటిని మీరు వెనక్కి తీసుకోవాలంటే నడిపే సంస్థకు నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. సంతకం పెట్టేముందు ఎంతమందికి ఈ సంగతి విడమరచి చెబుతున్నారు?

స్విట్జర్లాండ్ ప్రజలు తమ తీర్పు ఓటుతో చెప్పారు. పర్యావరణ ఉద్యమకారుడు ఫ్రాంజ్ వెబర్ పోరాడి తెచ్చిన ప్రతిపాదన మీద 2012 మార్చి 11న దేశమంతా ఓటేసింది. ఏ గ్రామంలోనూ మొత్తం ఇళ్లలో సెలవుల ఇళ్లు 20 శాతం దాటకూడదన్నది ఆ ప్రతిపాదన. 50.6 శాతం మంది అవునన్నారు. వాలె లాంటి పర్వత రాష్ట్రాలు మాత్రం గట్టిగా కాదన్నాయి. మేస్త్రీలు, వడ్రంగులు, నేల అమ్ముకుని పిల్లల్ని చదివించుకుందామనుకున్న రైతులు భయపడ్డారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ అంతకు ముందు దశాబ్దాల పాటు జరిగిందేమిటి? నేల ఒక్కసారే అమ్ముడుపోతుంది. ఇల్లు ఒక్కసారే కడతారు. ఆ తర్వాత తరానికి మిగిలేది తాళం వేసిన వరండా.

2016 జనవరి 1న చట్టం అమల్లోకి వచ్చింది. పరిమితి దాటిన ఊళ్లలో కొత్తగా సెలవుల ఇళ్లు కట్టడం దాదాపుగా ఆగింది. నేను మెచ్చుకునే చట్టం ఇది. దానికి పెద్ద కన్నం కూడా ఉంది. 2012 ఓటు నాటికే ఉన్న ఇళ్లకు ఆ నియమం వర్తించదు. తాతల కాలం నుంచి ఊరివాళ్లు అద్దెకున్న పాత ఇంటిని ఎవరైనా కొని, సెలవుల ఇల్లుగా మార్చుకోవచ్చు. కొత్తవి దొరక్క డబ్బంతా పాత ఇళ్ల మీద పడింది. సెయింట్ మోరిట్జ్ ఉన్న ఎగువ ఎంగడీన్ లోయలో అద్దెకుండే కుటుంబాలకు ఖాళీ చేయమని నోటీసులు వచ్చాయి. ఆ లోయలో పనిచేసేవాళ్లలో చాలామంది ఇటలీ నుంచి మలోయా, బెర్నినా కనుమలు దాటి రోజూ వచ్చి పోతారు. వాళ్లు ఊడ్చి శుభ్రం చేసే గదుల్లో ఒక్క రాత్రి పడుకునే స్తోమతు వాళ్లకు లేదు. మినహాయింపులు కావలసినవాళ్లకు మినహాయింపులూ దొరికాయి. విదేశీయులకు ఇళ్ల అమ్మకాన్ని అదుపు చేసే లెక్స్ కొల్లర్ చట్టం దేశం మొత్తానికి ఏడాదికి 1,500 సెలవుల ఇళ్లకే అనుమతి ఇస్తుంటే, ఆండర్‌మాట్‌లో ఈజిప్టు వ్యాపారి సమీహ్ సావిరిస్ తలపెట్టిన రిసార్టును ప్రభుత్వమే ఆ పరిధి నుంచి తప్పించింది. పెద్ద డబ్బుకు వేరే దారి ఎప్పుడూ ఉంటుంది.

ఆస్ట్రియాలోని టిరోల్ ఇంకా కఠినం. సెలవుల ఇళ్లు 8 శాతం దాటిన ఊరిలో కొత్తవాటికి చోటు లేదు. దాంతో కొందరు ఇదే మా అసలు ఇల్లని కాగితం మీద రాసిచ్చి, క్రిస్మస్‌కు మాత్రం దిగుతారు. ఇది అబద్ధపు సంతకం. దీన్ని తెలివితేటలుగా చెప్పుకునే ఏజెంటు దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోకండి.

ఇక్కడ నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే విషయం ఉంది, దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఆల్ప్స్‌లో కొండ ఎంతైనా ఉంది, ఇల్లు కట్టుకోదగ్గ నేల చాలా తక్కువ. లోయ అడుగున సన్నటి పట్టీ. దానిలో కూడా హిమపాతం జారే దారి, రాళ్లు దొర్లే దారి, వరద తిరిగే దారి తీసేయాలి. 1999 ఫిబ్రవరిలో షామొనీ లోయలోని మోంత్రోక్ మీద హిమపాతం విరుచుకుపడి 12 మంది చనిపోయారు. అదే నెలలో ఆస్ట్రియాలోని గాల్టూర్‌లో 31 మంది. 2025 మే 28న స్విట్జర్లాండ్‌లోని బ్లాటెన్ గ్రామాన్ని బిర్ష్ హిమానీనదం, దానితో కూలిన కొండచరియ దాదాపుగా పూడ్చేశాయి. ముందే ఖాళీ చేయించారు కాబట్టి సుమారు 300 మంది ప్రాణాలతో మిగిలారు. కొండల్ని బిగించి పట్టుకున్న లోపలి మంచుగడ్డ కరుగుతోంది. ప్రమాద పటాల మీద ఎరుపు గీసిన చోట ఇల్లు కట్టనివ్వరు, ఆ ఎరుపు పెరుగుతోంది. అంటే నిబ్బరంగా నిద్రపోదగ్గ నేల ఏటేటా కుంచించుకుపోతోంది. ఆ మిగిలిన నేల ఎవరిది కావాలి? అక్కడే పుట్టి, అక్కడే పనిచేసి, అక్కడే చనిపోయేవాళ్లదా? ఏడాదికి రెండు వారాలు వచ్చేవాళ్లదా? నా దగ్గర దీనికి ఒక్కటే జవాబు ఉంది, దాన్ని మెత్తగా చెప్పే ఉద్దేశం లేదు.

మంచు మాటకొస్తే, స్విస్ హిమానీనదాలు 2022, 2023 రెండేళ్లలోనే తమ ఘనపరిమాణంలో పదో వంతు కోల్పోయాయి. ఐరోపాలోని 2,234 స్కీ కేంద్రాలను పరిశీలించి 2023లో వెలువడిన అధ్యయనం, భూతాపం 2 డిగ్రీలు పెరిగితే కృత్రిమ మంచు లేకుండా వాటిలో 53 శాతం తీవ్రమైన మంచు కొరతలో పడతాయని తేల్చింది. 2023 కొత్త సంవత్సరం నాడు పచ్చగడ్డి మీద స్కీ దారులు కనిపించాయి. గ్‌స్టాడ్ దగ్గర హెలికాప్టర్లతో మంచు మోశారు. లా క్లుజాలో మంచు ఫిరంగులకు నీళ్లు నింపడానికి అడవి కొట్టి చెరువు తవ్వుదామంటే జనం చెట్ల మధ్య కాపలా కూర్చున్నారు, 2022 అక్టోబరులో గ్రెనోబుల్ కోర్టు ఆ పనులు ఆపింది. తాగే నీళ్లూ చెట్లూ తీసి జారుడు బల్ల తయారుచేసుకునే స్థితికి వచ్చాక కూడా, అప్పు చేసి అక్కడ ఇల్లు కట్టడం మూర్ఖత్వం.

మన తెలుగువాళ్ల సంగతి కూడా చెప్పాలి. సినిమా పాటలతో ఆ పచ్చిక, ఆ మంచుకొండలు మనకు ఇంట్లో గోడమీద పటాల్లాగా అలవాటయ్యాయి. యుంగ్‌ఫ్రావ్‌యోక్ మీద బాలీవుడ్ పేరుతోనే రెస్టారెంటు ఉంది. జ్యూరిక్‌లో, బాసెల్‌లో, మ్యూనిక్‌లో, లండన్‌లో మన ఇంజనీర్లు, డాక్టర్లు బాగా సంపాదిస్తున్నారు. కష్టపడి సంపాదించారు, వాళ్లంటే నాకు గౌరవం. స్విస్‌లో తాత్కాలిక నివాసానికిచ్చే బి పర్మిట్ ఉన్నంతకాలం మనవాళ్లు ఉండటానికి ఒక ఇల్లు కొనుక్కోగలరు గానీ, ప్రత్యేక అనుమతి లేకుండా సెలవుల ఇల్లు కొనలేరు. శాశ్వత నివాసానికిచ్చే సి పర్మిట్ చేతికి రాగానే ఆ అడ్డు పోతుంది, ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. అన్నలారా, అక్కలారా, మన ఊళ్లలో మనం ఇది చూశాం. బయటి డబ్బు వచ్చి పడితే నేల ధర ఆకాశానికి ఎక్కి, ఆ ఊళ్లోనే పుట్టినవాడు అద్దె కట్టలేక ఊరి చివరికి జరగడం హైదరాబాదు చుట్టూ చూశాం. పరాయి దేశంలో అద్దె ఇంటి కోసం పడిన పాట్లు మీకు తెలుసు. ఆ పాట్లు ఇంకొకరికి పెట్టకండి.

అందమైన చోటును ప్రేమిస్తే దాన్ని సొంతం చేసుకోవాలన్న ఆలోచనే నాకు పడదు. కొండను ప్రేమించండి. రైలెక్కి వెళ్లండి. ఊరివాళ్లు నడిపే హోటల్లో, ఇంట్లోనే గదులిచ్చే కుటుంబం దగ్గర దిగండి. అక్కడి బేకరీలో రొట్టె కొనండి. చలికాలం ఒక్కటే కాదు, జూన్‌లోనూ వెళ్లండి. మీ వల్ల ఆ ఊళ్లో ఒకరికి ఏడాదంతా జీతం వస్తే అది మీరు ఇచ్చిన గొప్ప కానుక.

షామొనీ 2025లో తన ప్రణాళికలోనే కొత్త సెలవుల ఇళ్ల కట్టడాన్ని నిషేధించింది. 2024 నవంబరులో వచ్చిన ఫ్రెంచి చట్టం ఊళ్లకు ఆ అధికారం ఇచ్చింది. మిగతా ఊళ్లూ వాడుకోవాలి. స్విస్ పార్లమెంటు పాత ఇళ్ల కన్నాన్ని పూడ్చాలి. ఖాళీ ఇంటి మీద పన్ను, ఖాళీగా ఉంచడం బరువనిపించేంత ఉండాలి.

ఇప్పటికే కొన్నవాళ్లకు నాదొక్క విన్నపం. వచ్చే డిసెంబరు లోపు ఊరి మేయరు కార్యాలయానికి ఫోన్ చేయండి. ఇల్లు లేని నర్సు, పంతులు, లిఫ్టు ఆపరేటరు ఎవరున్నారో అడగండి. ఏడాది పొడుగునా, వాళ్ల జీతానికి తగ్గ అద్దెకు, మీ తాళాలు వాళ్ల చేతికివ్వండి.