వెయ్యి కోట్ల కంపెనీ... ఎవరికి?

ఇక్కడ బోమాంట్‌లో మన కుర్రాళ్ళు నలుగురు కలిస్తే చాలు, ఫలానా స్టార్టప్ విలువ ఇన్ని వేల కోట్లట అన్న మాటే. జీతం తగ్గించుకుని మరీ స్టాక్ ఆప్షన్ల కోసం చేరిపోతున్నారు. ఆ విలువ ఎలా పుడుతుందో ఒక్కరూ అడగరేం?

ఊళ్ళో రోడ్డు పక్కన ఒక సెంటు లక్షకి అమ్ముడైందని, చెరువు కింద పొలాలతో సహా ఊరంతా సెంటు లక్షే అంటే నవ్వమూ? స్టార్టప్‌లకి చేసేది అచ్చం అదే. 2021 మార్చిలో స్ట్రైప్‌లో (టిప్పరరీ అన్నదమ్ములదే లెండి) 60 కోట్ల డాలర్లు పెట్టారు. ఐర్లండు ప్రభుత్వ ఖజానా సంస్థ కూడా ఓ చెయ్యి వేసింది. ఆ సొమ్ముకి వచ్చిన వాటా నూటికి ఒక వంతు కూడా కాదు. అయినా కంపెనీ మొత్తం 9,500 కోట్ల డాలర్లని పత్రికలు రాసేశాయి. 2023 మార్చికి అదే కంపెనీ 5,000 కోట్లు! తరవాత మళ్ళీ ఎక్కిందనుకోండి. బైజూస్ సంగతి సరేసరి. 2022లో 2,200 కోట్ల డాలర్లు. 2024లో ప్రోసస్ తన వాటా విలువని సున్నా అని రాసేసుకుంది.

అసలు మెలిక ఇంకోటుంది. పెట్టుబడిదారు కొనే షేరూ, మీకిచ్చే షేరూ ఒకటి కాదు. అతను 100 కోట్లు పెట్టి పదో వంతు తీసుకుంటే, కంపెనీ 1,000 కోట్లదని చాటింపు. రేపది 120 కోట్లకే అమ్ముడైతే? తన 100 ముందు తీసుకునే హక్కు మామూలుగా ఒప్పందంలోనే ఉంటుంది. లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అంటారు. మిగిలిన 20 కోట్లే మిగతా అందరికీ. ఈ రెండు రకాల షేర్లకీ ఒకే ధర కట్టి గుణించడం లెక్కా, గారడీయా?

ఆఫర్ ఇచ్చేవాళ్ళని అడగండి: మా షేర్ల కంటే ముందు వరసలో నిలబడ్డ సొమ్మెంత, మామూలు షేరుకి కట్టిన ధరెంత అని. చెప్పకపోతే జీతమే పెంచమనండి.