సీలు మన ఎదుటే విప్పాలి

ఈసారి కొంచెం పొడుగే రాస్తున్నాము, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

పోయిన ఆదివారం కమిటీ మీటింగులో మేము ఒక ప్రశ్న అడిగినాము. వచ్చే నెల సంఘం తరఫున ఉచిత దంత వైద్య శిబిరం పెడుతున్నారు కదా, దానికి నోటి అద్దాలు ఎన్ని వస్తాయి, ఒక నోటికీ ఇంకొక నోటికీ నడుమ వాటిని ఎట్ల శుద్ధి చేస్తారు అని. అంతే. దానికి ఒక పెద్దాయన, "ఉచితంగా చేయడానికి వచ్చే డాక్టరును పోలీసు మాదిరి విచారిస్తే రేపు ఎవరొస్తారు?" అన్నారు. ఇంకొకరు నోటీసు పైకెత్తి చూపించి, "ఆధునిక యంత్రాలతో అని అచ్చు వేసినాము కదా, ఇంకేం కావాలి?" అన్నారు. నలుగురూ నవ్వినారు. మేము కూర్చున్నాము.

మాటకు మాట చెప్పే చురుకు మాకు లేదు. చదివింది తమిళ మీడియం. తెలుగు మాట ఇంట్లో వచ్చింది, తెలుగు అక్షరం మాత్రం యాభై దాటినాక మన సంఘం క్లాసులోనే నేర్చుకున్నాము. అందుకే అక్కడ చెప్పలేనిది ఇక్కడ నిదానంగా రాస్తున్నాము. అక్షర దోషాలుంటే దిద్దండి, విషయాన్ని మాత్రం పక్కన పెట్టొద్దండి.

ముందు పోయిన శిబిరం లెక్క చెప్తాము. ఆ రోజు రిజిస్టరు రాసింది మేమే. పొద్దున తొమ్మిదికి మొదలై పన్నెండుకు ముగిసింది. 140 పేర్లు రాసినాము. పక్క టేబులు మీద ట్రేలో అద్దాలు 12. రైల్వే గూడ్స్ ఆఫీసులో జన్మంతా లెక్కలు రాసినవాళ్ళము, కన్ను ఊరికే ఉండదు. 140ని 12తో భాగించండి. ఒక్కొక్క అద్దం దాదాపు పన్నెండు నోళ్ళలోకి పోయింది. మూడు గంటల్లో పన్నెండు నోళ్ళంటే పదిహేను నిమిషాలకొక నోరు. నడుమ జరిగిన శుద్ధి ఏమిటి? ఒక స్టీలు గిన్నెలో మందు నీళ్ళు. అందులో ముంచడం, తీయడం, గుడ్డతో తుడవడం, మళ్ళీ ట్రేలో పెట్టడం.

ఆ గిన్నెలో ఏ మందు ఉందో మాకు చెప్పినవాళ్ళు లేరు. ఇట్లాంటి పనికి పేరున్న మందు గ్లూటరాల్డిహైడ్. దాని 2 శాతం ద్రావణంలో పనిముట్టు పూర్తిగా స్టెరిలైజ్ కావాలంటే పది గంటలు మునిగి ఉండాలి. పది గంటలెక్కడ, పదిహేను నిమిషాలెక్కడ? అందులోనూ డాక్టరు చూసే సమయం పోతే మిగిలింది ఎంత?

ఆ 140 నోళ్ళలో మా ఇంటావిడ నోరు ఒకటి. ఆమెకు షుగరు. ఏమీ కాలేదు, దేవుడి దయ. ఆ రోజు అడగకుండా ఊరుకున్నందుకు మమ్మల్ని మేమే తిట్టుకుంటున్నాము. "ఏమీ కాలేదు కదా" అంటారేమో. గేటు వేయని లెవెల్ క్రాసింగులో కూడా చాలా రైళ్ళు ఏమీ కాకుండానే పోతాయి. దాన్ని చూసి గేటు అక్కరలేదని రైల్వేలో ఎవరూ అనరు.

ఏమీ కాదని అనుకునేవాళ్ళు వాణియంబాడిని తలచుకోండి. మా జోలార్‌పేట జంక్షన్ నుంచి కాట్పాడి వైపు పోతే కొద్ది దూరంలోనే ఉంది ఆ ఊరు. మనవాళ్ళు ఎంతమందికి అక్కడ బంధుత్వాలున్నాయో మీకే తెలుసు. 2023లో ఆ ఊళ్ళో ఒక దంత వైద్యశాలకు పోయి వచ్చినవాళ్ళు కొందరు జ్వరంతో, తలనొప్పితో ఆసుపత్రుల పాలైనారు. మట్టిలో, నీళ్ళలో బతికే బర్‌ఖోల్డేరియా సూడోమల్లై అనే బాక్టీరియా మెదడుకెక్కింది. వేలూరు సి.ఎం.సి. వైద్యులు, చెన్నైలోని ఐ.సి.ఎం.ఆర్. సంస్థవాళ్ళు, ఇంకా కొందరు పరిశోధకులు కలిసి ఆరా తీసి 2025లో లాన్సెట్ వారి పత్రికలో ప్రకటించినారు. ఆ వైద్యశాలతో సంబంధం దొరికిన 10 మందిలో 8 మంది చనిపోయినారు. పంటి నొప్పికని పోయినవాళ్ళు!

కారణం ఏమిటని చూస్తే పెద్ద యంత్రమేదీ చెడిపోలేదు. సెలైన్ సీసా మూతను శుద్ధి చేయని పనిముట్టుతో తెరవడం, వదులుగా మూసిపెట్టడం, అదే సీసాను మళ్ళీ మళ్ళీ వాడటం. ఇంతే. ఒక సీసా ఖరీదు ఎంత, ఎనిమిది ప్రాణాల ఖరీదు ఎంత?

ఇప్పుడు "ఆధునిక యంత్రాలు" అనే మాటకు వస్తాము. దంత వైద్యశాలల బోర్డులు చూడండి. లేజర్, డిజిటల్ ఎక్స్‌రే, కంప్యూటర్ స్కాన్, ఏ.సి. గది. వద్దనడం లేదు. డిజిటల్ ఎక్స్‌రేతో ఒంటికి తగిలే కిరణాలు తగ్గుతాయి, అది మంచిదే. కానీ బోర్డు మీద ఆటోక్లేవ్ అనే మాట మాకు ఎక్కడా కనపడలేదు. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అన్నారా?

ఆటోక్లేవ్ అంటే బ్రహ్మవిద్య కాదు. మన వంటింటి కుక్కరుకు అన్నలాంటిది. మూత బిగించి ఆవిరిని ఒత్తిడిలో పెడితే నీటి మరుగు వేడి 100 డిగ్రీలు దాటుతుంది. 1679లో డెనిస్ పాపిన్ ఈ సూత్రంతోనే ఎముకలు ఉడికించే పాత్ర చేసినాడు. 1879లో పారిస్‌లో పాశ్చర్ దగ్గర పనిచేసిన చాంబర్లాండ్ దాన్ని క్రిములను చంపే పనికి మలిచినాడు. పనిముట్టుకు 121 డిగ్రీల ఆవిరి కనీసం పదిహేను నిమిషాలు తగలాలి. 134 డిగ్రీలయితే మూడు నాలుగు నిమిషాలు చాలు. వేడెక్కడానికి, ఆరడానికి పట్టే సమయం దీనికి అదనం. "మేము నీళ్ళలో మరగబెడతాము" అనేవాళ్ళు గుర్తు పెట్టుకోవాలి, కొన్ని బాక్టీరియాలు గట్టి గుల్ల కట్టుకుని స్పోరులుగా మారతాయి. వాటిని 100 డిగ్రీల నీళ్ళు చంపలేవు.

ఇంకొక మాట. యంత్రం ఎంత కొత్తదయితే శుద్ధి పని అంత పెరుగుతుంది, తగ్గదు. పన్ను తొలిచే హ్యాండ్‌పీసు నిమిషానికి లక్షల చుట్లు తిరుగుతుంది. అది ఆగే క్షణంలో నోట్లోని ఎంగిలిని, రక్తాన్ని లోపలికి పీల్చుకోగలదు. పైపైన స్పిరిట్‌తో తుడిస్తే లోపల ఉన్నది పోతుందా? దాన్ని కూడా ప్రతి మనిషికీ నడుమ ఆటోక్లేవ్‌లో పెట్టాల్సిందే. అది గొట్టం మాదిరి బోలుగా ఉంటుంది కాబట్టి, ముందు గాలిని లాగేసి తరువాత ఆవిరి పంపే బి క్లాసు ఆటోక్లేవ్ అయితే మంచిది. డిజిటల్ ఎక్స్‌రే కోసం నోట్లో పెట్టే సెన్సారు ఉంది చూడండి, అది ఆ వేడికి తట్టుకోదు. ప్రతి మనిషికీ కొత్త ప్లాస్టిక్ తొడుగు వేయాలి, తీసినాక మందుతో తుడవాలి. నీలం లైటు వెలిగే అద్దాల పెట్టె చూసి మురిసిపోవద్దు. ఆ అల్ట్రావయొలెట్ పెట్టె శుద్ధి అయిన పనిముట్లను దాచడానికేగానీ, స్టెరిలైజ్ చేయడానికి పనికిరాదు.

ఈ పనంతా ఎవరు చేస్తారు? డాక్టరు కాదు. వెనక గదిలో నిలబడి బ్రష్షుతో రుద్దే ఆ అసిస్టెంటు పిల్ల. రక్తం ఎండిపోయి అంటుకుని ఉంటే ఆవిరి దాని అడుగుకు చేరదు కాబట్టి ముందు కడగడమే ముఖ్యం. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. ఆ పిల్ల చేతికి మందమైన గ్లవుజు ఉందా? హెపటైటిస్ బి టీకా వేయించినారా? మనం అడిగే ప్రశ్న ఆమెను కూడా కాపాడుతుంది. అట్ల పనిచేసే పిల్లలు మన ఇళ్ళలోనే ఎంతమంది లేరు?

ఇక "అడిగితే డాక్టరుకు అవమానం" అనే మాట. మా ఉద్యోగం గూడ్స్ ఆఫీసులో అని చెప్పినాము కదా. వ్యాగన్ వస్తే ముందు సీలు చూడాలి. సీలు బాగుందా, దాని మీద అక్షరాలు సరిగ్గా ఉన్నాయా చూసి, సీలు తీసినాకే తలుపు తెరవాలి. ఉన్నది ఉన్నట్టు టాలీ బుక్కులో రాయాలి. సీలు చెడి ఉంటే అది కూడా రాయాలి. పంపిన స్టేషన్ మాస్టరు మాకు బావమరిది అయినా సరే సీలు చూసేవాళ్ళము. దానికి ఆయన ఎప్పుడూ అలగలేదు. సీలు చూడటం అనుమానం కాదు, అది పద్ధతి. రేపు ఏదైనా తక్కువ వస్తే పంపినవాడిని కాపాడేది కూడా ఆ రాతే.

దంత వైద్యంలో ఆ సీలు పౌచ్. ఒక వైపు కాగితం, ఒక వైపు ప్లాస్టిక్ ఉన్న చిన్న సంచి. పనిముట్లను అందులో మూసి ఆటోక్లేవ్‌లో పెడతారు. దాని మీద ఉన్న గుర్తు వేడికి రంగు మారుతుంది. ఆ సంచిని మన కళ్ళ ముందు చింపాలి. అట్లని రంగు మారితే చాలదు. రంగు వేడి తగిలిందనే చెప్తుంది, లోపల క్రిమి చచ్చిందని చెప్పదు. సీలు బాగున్న వ్యాగన్‌లో కూడా సరుకు తక్కువ ఉండవచ్చు, అనుమానం వస్తే తూకం వేసేవాళ్ళము. ఇక్కడ ఆ తూకం స్పోర్ పరీక్ష. చావడానికి మొండికేసే స్పోరులను యంత్రంలో పెట్టి, అవి చచ్చినాయో లేదో చూడటం. వారానికొకసారి చేయాలి, పుస్తకంలో రాయాలి.

ఖర్చు మాట కూడా వదలము. పౌచ్ ఖరీదు కొన్ని రూపాయలు. చిన్న ఊరి డాక్టరుకు యంత్రం భారమే, కాదనము. కానీ చప్పుడు లేకుండా మన ప్రాణం మీద మిగిలించే ఖర్చు వద్దు. ఫీజులో పది రూపాయలు ఎక్కువ అడగండి, ఇస్తాము. సక్రమంగా చేసే డాక్టర్లు చాలామంది ఉన్నారు. మనం అడిగితే వాళ్ళకు సంతోషమే, ఎందుకంటే వాళ్ళు పెట్టే ఖర్చును చూసినవాడు ఇప్పటిదాకా లేడు.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. శిబిరంలో ఎన్ని శుద్ధి చేసిన సెట్లు వస్తే అంతమందికే టోకెన్ ఇవ్వండి. 60 సెట్లు వస్తే 60 మందే. చూడటానికి మాత్రమే అయితే ఒకసారి వాడి పారేసే అద్దాల కిట్లు దొరుకుతాయి, వాటికి చందా మేము మొదట ఇస్తాము. పన్ను పీకడం, తొలవడం శిబిరంలో వద్దు, అవసరమున్నవాళ్ళను వైద్యశాలకు పంపండి. తెరిచిన సెలైన్ సీసా ఏదీ టేబులు మీద మిగలకూడదు. 140 మందిని చూసినామని పేపర్లో ఫోటో వేసుకోవడం గొప్ప కాదు. 60 మందిని శుద్ధంగా చూసి ఇంటికి పంపడం గొప్ప.

మిగిలిన సభ్యులకు: వైద్యశాలలో కుర్చీలో ఆనుకునే ముందు మూడు మాటలు అడగండి. పౌచ్ నా ముందర విప్పుతారా? హ్యాండ్‌పీసు కూడా ఆటోక్లేవ్ అయిందా? స్పోర్ పరీక్ష పోయినసారి ఎప్పుడు చేసినారు? తెలుగులో అడగండి, తమిళంలో అడగండి, చేతి సైగతో అయినా అడగండి. నోరు తెరిచినాక అడగలేరు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, డాక్టరు ఎందుకు చూపిస్తాడు?

శిబిరం రోజు రిజిస్టరు మళ్ళీ మేమే రాస్తాము. ఈసారి ప్రతి పేరు పక్కన ఇంకొక గడి గీసి పెట్టుకుంటాము. అందులో "సీలు ఎదుట విప్పినారు" అని రాస్తాము. విప్పకపోతే, విప్పలేదనే రాస్తాము.