వంకర తరంగం సరే, జారే శ్రుతి?
పాత అనలాగ్ సింథసైజర్‌లో నాదం పుట్టించే ఆసిలేటర్ లోపాలన్నిటినీ ఒకే గాటన కట్టి ‘వెచ్చదనం’ అని మురిసిపోవడం నాకు నచ్చదు. రంపపు పళ్ల తరంగాన్నే తీసుకోండి: కెపాసిటర్ నిదానంగా నిండి, చటుక్కున ఖాళీ కావాలి. ఆ చటుక్కుకీ కాస్త సమయం పడుతుంది కాబట్టి పంటి మొన అరుగుతుంది. ఆ తరంగాన్ని మడిచి త్రిభుజం చేస్తే కొన దగ్గర చిన్న గంటు మిగులుతుంది. ఉండనివ్వండి, చెవికది రంగు. తంబురా తీగ కింద నూలుపోగు దూర్చి నాదాన్ని కావాలనే ఝుమ్మనిపించే వాళ్లం, మనకిది కొత్తా? శ్రుతి జారడం మాత్రం వేరే సంగతి. వోల్టేజీని స్వరంగా మార్చే ట్రాన్సిస్టర్ల జంట వేడికి లొంగుతుంది. దాన్ని సరిదిద్దే రెసిస్టర్ లేకపోతే డిగ్రీ వేడి మారినప్పుడల్లా ఒక్కో స్థాయికి సుమారు 4 సెంట్లు తేడా వస్తుంది. సికింద్రాబాద్ మే నెలలో తెల్లవారుజాముకీ మిట్టమధ్యాహ్నానికీ పది డిగ్రీల పైనే తేడా. అంటే స్థాయికి 40 సెంట్ల పైనే. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరమే 100! 1970లో వచ్చిన మినీమూగ్ సింథసైజర్‌లో తర్వాత ఆసిలేటర్ బోర్డు మార్చింది ఈ జారుడు తగ్గించడానికే. ఇప్పుడేమో సాఫ్ట్‌వేర్ సింథ్‌లలో అదే జారుడుకి ఓ మీట పెట్టి అమ్ముతున్నారు. పద్మారావునగర్‌లో పిల్లలకు వర్ణం చెప్పే ఏ పంతులమ్మనైనా అడగండి, శ్రుతిపెట్టె అలా జారితే పాఠం ఆపి ముందు దాని చెవి మెలిపెడుతుంది.