మరమ్మతు చేసిన మోటారు – మన విద్య

యంత్రం మొరాయించినప్పుడు దోషం ఎక్కడ ఉన్నదో వెదకడానికి ఓర్పు కావాలి. దోషి ఎవరో చూపడానికి వేలు చాలు. ఈ సత్యాన్ని మా వసతి గృహంలోని బట్టలుతికే యంత్రం మాకు నేర్పింది.

గత విద్యాసంవత్సరంలో దాని మోటారు కాలిపోగా, ఒక ఉస్తాద్ వద్ద రీవైండింగు చేయించాము. కూలి మిగులుతుందని బిగింపు మేమే చేసుకున్నాము. స్విచ్చి వేయగా మోటారు గుంయ్‌మని మూలిగిందే కాని తిరగలేదు, చూస్తుండగానే వేడెక్కింది. కొత్త కండెన్సర్ కొని తగిలించినా ఫలితం లేకపోయింది. అంతట మెస్సులో అందరి ఎదుట ఉస్తాద్ మోసగించాడని తీర్మానించి, కొత్త మోటారుకు చందాలు వసూలు చేయసాగాము.

విచిత్రమేమంటే, ఆ మూలుగుకు కారణం మేము పరీక్షలో వ్రాసి మార్కులు పొందినదే. 1888లో నికోలా టెస్లాకు పేటెంటు లభించిన ఇండక్షన్ మోటారుకు తిరిగే అయస్కాంత క్షేత్రమే ప్రాణం. ఇంటికి వచ్చే ఒక ఫేజు విద్యుత్తుతో ఒక్క తీగచుట్టలో అట్టి క్షేత్రం పుట్టదు. అందుచేత రెండవ చుట్టను అమర్చి, కండెన్సర్ ద్వారా దాని ప్రవాహాన్ని మొదటిదానికంటె ముందుకు జరుపుతారు. ఆ ఏర్పాటు తప్పితే మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, కదలదు.

ఉస్తాద్‌ను నిలదీయబోయాము. ఆయన వాదించలేదు. మా వెంట వచ్చి, ప్లగ్గు తీయించి, కండెన్సర్‌లో నిలిచిన విద్యుత్తును తొలగించి, మోటారు మూడు తీగలను విడదీసి, రెండేసి చొప్పున మల్టీమీటరుతో కొలిచారు. రెండు జతలకు సుమారు 20 ఓములు, మూడవ జతకు 40.

“నలభై చూపినవి రెండు కొనలు బేటా, మిగిలినది కామన్,” అన్నారు.

ఇటూ అటూ తిరగవలసిన మోటారు కనుక దాని రెండు చుట్టలూ సమానం. పాత మోటారుకు కామన్ నల్లతీగ. రీవైండింగైన తరువాత ఎర్రతీగ. మేము రంగుకు రంగు కలిపి, కామన్‌ను ఒక కొనతో తారుమారు చేశాము. తీగలు మార్చగానే యంత్రం ఇరువైపులా తిరిగింది. ఆయన కూలి పుచ్చుకోలేదు. మెస్సులో అన్న మాటను మెస్సులోనే వెనుకకు తీసుకున్నాము. ఇచ్చట మరల తీసుకుంటున్నాము.

విద్యార్థి సోదరులారా! మరమ్మతు తరువాత కనిపించిన దోషాన్ని, మరమ్మతులో చేయి పడిన చోటనే మొదట వెదకాలి. ఆ చేయి మనదే కావచ్చు. కొలవనిదే కొనరాదు; కొలవనిదే నిందించరాదు.

కళాశాల పాలకవర్గానికి ఒక విన్నపం. వారానికి ఒక సాయంత్రం భౌతికశాస్త్ర ప్రయోగశాలను తెరిపించి, ఇట్టి ఉస్తాద్‌లను తగిన పారితోషికంతో రప్పించి, మాకు చేతిపని నేర్పించండి. డిగ్రీ చదివేవారికి మెకానిక్కు పని ఎందుకని కొందరు అడుగవచ్చు. ఓమ్ నియమాన్ని కాగితంపై నిరూపించి, మూడు తీగల ముందు ఓడిపోయినవారం మేము. మాలో పలువురి తండ్రులు చేతిపనితోనే మమ్ము చదివిస్తున్నారు. వారి విద్యను చిన్నచూపు చూచే చదువు మాకు వద్దు.