తుంటి విరిగిన మనిషికి గుండె పరీక్ష ఎందుకంటారా?

భారత బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) అధ్యక్షుల వారికి,
నానక్‌రామ్‌గూడ, హైదరాబాద్.

అయ్యా,

2024 మే 29న ఆరోగ్య బీమాపై మీ సంస్థ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ పాలసీదారుల పక్షాన నిలిచింది. క్యాష్‌లెస్ అడిగిన గంటలోగా ఏదో ఒకటి తేల్చాలన్నారు. డిశ్చార్జి అనుమతి మూడు గంటలు దాటితే, ఆ ఆలస్యానికి ఆసుపత్రి వేసే అదనపు బిల్లును కంపెనీయే తన వాటాదారుల సొమ్ములోంచి కట్టుకోవాలన్నారు. సమీక్ష కమిటీ ఒప్పుకోనిదే ఏ క్లెయిమునూ తోసిపుచ్చకూడదన్నారు. సంతోషం. కానీ గంట నిబంధనకు ఆసుపత్రుల బీమా కౌంటర్ల దగ్గర ఎప్పుడో విరుగుడు పుట్టింది. కంపెనీలు అవుననవు, కాదనవు, వివరణ కావాలంటూ క్వెరీ వేస్తాయి. దానికి జవాబు పంపితే ఇంకో క్వెరీ. క్వెరీ పడ్డప్పుడల్లా గంట మళ్లీ మొదటి నిమిషం నుంచి లెక్క.

ఈ క్వెరీల్లో ఒక రకం గురించే ఈ ఉత్తరం. ఎముక విరిగి చేరిన రోగికి డాక్టరు గుండె పరీక్షలు రాస్తే వచ్చేవి.

మా మేనత్తకు డెబ్బై దాటాయి. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. తెల్లవారుజామున బాత్‌రూమ్‌కు లేచి పడింది, తుంటి విరిగింది. జారిపడ్డావా అత్తా అని అడిగితే, "ఏమో నాయనా, కళ్లు చీకట్లు కమ్మాయి, తెలివొచ్చేసరికి గచ్చు మీదున్నా" అంది. పక్కనే ఉన్న డ్యూటీ డాక్టరు ఆ మాట విని కేస్‌షీట్‌లో రాసుకున్నాడు. ఈసీజీతో సరిపెట్టకుండా గుండె లయను 24 గంటలూ నమోదు చేసే హోల్టర్ పెట్టమన్నాడు. ఆపరేషన్ అయ్యాక రెండు రోజులు మానిటర్ మీద ఉంచి, గుండె కండరం దెబ్బతింటే బయటపెట్టే ట్రోపోనిన్ రక్తపరీక్ష చూడాలన్నాడు. బీమా కంపెనీకి ముందస్తు అనుమతి (ప్రీ-ఆథ్) కోసం వెళ్లింది. ఆపరేషన్‌కు, మామూలు ఫిట్‌నెస్ పరీక్షలకు అప్రూవల్ వచ్చింది, ఈ గుండె పరీక్షలకు క్వెరీ వచ్చింది. కౌంటర్‌లో అమ్మాయి స్క్రీన్ మావైపు తిప్పి చూపించింది. జబ్బు తుంటి ఫ్రాక్చర్ కదా, హోల్టర్‌కు దానికీ సంబంధమేమిటో వివరిస్తూ డాక్టర్ లెటర్ పంపండి, అని. "సార్ ఓటీలో ఉన్నారండీ. లెటర్ సాయంత్రానికి గానీ రాదు. అర్జెంటైతే క్యాష్ కట్టేయండి, తర్వాత క్లెయిమ్ చేసుకోవచ్చు" అంది. ఆ పిల్లను అని లాభం లేదు. ఆమె రోజంతా చెప్పేది అదే. మేం కట్టేశాం, చేతిలో డబ్బుంది గనక.

హోల్టర్‌లో ఏ తేడా కనబడలేదు. మరి దండగే కదా అంటారేమో, కాదు. గుండె లయ బాగానే ఉందని తేలాకే డాక్టర్లు బీపీ మాత్రల వైపు చూశారు. పడుకున్నప్పుడు ఉన్న బీపీ లేచి కూర్చోగానే బాగా పడిపోతోందని కనిపెట్టి మోతాదు తగ్గించారు. కొత్త కీలు వేసి, పడటానికి కారణం మాత్రం అలాగే వదిలేసి ఇంటికి పంపితే, రెండో తుంటికి ఎవరు పూచీ? రెండోసారి కట్టాల్సిందీ ఆ కంపెనీయేగా!

ఇక ఆపరేషన్ తర్వాతి సంగతి. గుండెకు సంబంధంలేని ఆపరేషన్ చేయించుకున్న 45 ఏళ్లు పైబడిన 21,842 మందిని 13 దేశాల్లో పరిశీలించిన విజన్ అధ్యయనం 2017లో వెలువడింది. వారిలో దాదాపు 18 శాతం మందికి గుండె కండరం దెబ్బతింది. ఆ దెబ్బతిన్నవారిలో 93 శాతం మందికి ఛాతీ నొప్పి వంటి లక్షణమేదీ లేదు. నొప్పి తెలియకుండా మందులిస్తున్నప్పుడు గుండె నొప్పి మాత్రం ఎలా తెలుస్తుంది? రక్తపరీక్షో మానిటరో చెప్పాలి తప్ప రోగి చెప్పలేడు. అందుకే 65 ఏళ్లు నిండినవారికి, గుండె జబ్బో దాని ముప్పో ఉన్నవారికి ఇలాంటి ఆపరేషన్లకు ముందు ఒకసారి, తర్వాత 24, 48 గంటలకు ట్రోపోనిన్ చూడాలని యూరప్ గుండె వైద్యుల సంఘం 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. తుంటి కీలును సిమెంట్‌తో బిగించేటప్పుడు కొందరికి ఉన్నట్టుండి బీపీ, ఆక్సిజన్ పడిపోతాయన్నది మత్తు డాక్టర్లందరికీ తెలిసిన విషయమే.

బీమా కంపెనీల వాదనలో నిజం లేకపోలేదు. అవసరం ఉన్నా లేకపోయినా మోకాలి మార్పిడికి వచ్చిన ప్రతి మనిషికీ 2డీ ఎకో తీసి బిల్లు పెంచే ఆసుపత్రులున్నాయి. తుంటి విరిగినవారికి వీలైనంతవరకు 48 గంటల్లోపే ఆపరేషన్ అయిపోవాలి. ఎకో కోసం కూర్చుని దాన్ని వాయిదా వేయడం రోగికే చేటు. అలాంటివి పట్టుకోండి, ఎవరూ అడ్డుచెప్పరు. విడ్డూరమేమిటంటే మామూలుగా రాసే ఆ ఫిట్‌నెస్ పరీక్షలు మా కళ్లముందే సాఫీగా పాసయ్యాయి. కారణం రాసి మరీ అడిగిన హోల్టర్ ఆగిపోయింది.

కంపెనీల చేతిలోని ఆయుధం మీరు ఇచ్చిందే. ప్రామాణిక మినహాయింపుల్లో కోడ్ 04 ఉంది. ప్రస్తుత జబ్బుకూ చికిత్సకూ సంబంధం లేని పరీక్షల ఖర్చు ఇవ్వనక్కర్లేదంటుందది. ఊరికే చెకప్‌ల కోసం చేరేవాళ్లను ఆపడానికి అది అవసరమే. కానీ స్పృహ తప్పి పడి తుంటి విరిగిన ముసలామెకు గుండె లయ చూడటం ఆ జబ్బుకు సంబంధం లేనిదెలా అవుతుంది?

ఫిర్యాదు చేసుకోవచ్చుగా అంటారు. బీమా భరోసా పోర్టల్ ఉంది, హైదరాబాద్‌లోనే అంబుడ్స్‌మన్ ఉన్నారు. అంబుడ్స్‌మన్ తీర్పుకు గడువు మూడు నెలలు. డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి అది పనికొస్తుంది, ఆ రాత్రి మానిటర్ పెట్టించడానికి పనికిరాదు. అమెరికాలో మెడికేర్ అడ్వాంటేజ్ వంటి ప్లాన్లు అత్యవసర ముందస్తు అనుమతిని 72 గంటల్లో తేల్చాలని, నిరాకరిస్తే నిర్దిష్ట కారణం చెప్పాలని 2024లో నియమం తెచ్చి 2026 నుంచి అమల్లో పెట్టారు. వాళ్లకు 72 గంటలు, మనకు ఒక్క గంట. కాగితం మీద మనమే మేలు!

కాబట్టి అయ్యా, కొత్త చట్టమేమీ అడగడం లేదు. ఉన్న సర్క్యులర్‌కు ఒక వివరణ జోడించండి. 65 ఏళ్లు దాటి ఎముక విరిగి పెద్ద ఆపరేషన్‌కు వచ్చినవారికి 48 గంటల గుండె పర్యవేక్షణ, ట్రోపోనిన్, కళ్లు తిరిగి పడ్డట్టు కేస్‌షీట్‌లో ఉంటే హోల్టర్ — ఇవి చికిత్సలో భాగమేనని, కోడ్ 04 వీటికి వర్తించదని తేల్చిచెప్పండి. అనుమానముంటే కంపెనీలు ఫైలు తర్వాత తనిఖీ చేసుకోవచ్చు, ముందు ఆపకూడదు. అడగదలచిన క్వెరీలన్నీ ఒక్కసారే అడగాలి, అడిగినంత మాత్రాన గంట లెక్క మొదటికి రాకూడదు. క్వెరీ కింద దాన్ని వేసిన డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రోగి గుండెను చూడక్కర్లేదని నిర్ణయించిన మనిషెవరో రోగి కుటుంబానికి తెలియాలి.

ఇట్లు,
ఒక పాలసీదారు