పేరులేని వాయుగుండము

కార్తీకమాసము వచ్చినంతనే చిత్తూరు, తిరుపతి ప్రాంతముల రైతుల చూపు తూర్పుదిక్కునకు మరలును. నైరృతి ఋతుపవనము మిగిల్చిన కొరతను తీర్చునది బంగాళాఖాతపు వాయుగుండమే. మన చెరువులను నింపునదియు అదియే, కట్టలను తెంపునదియు అదియే. అట్టి యతిథిని మనము దేనితో కొలుచుచున్నామో విచారింపవలసియున్నది.

తుపాను వార్త వచ్చినప్పుడు ఎల్లరు నడుగు ప్రశ్న యొక్కటే: గాలి వేగమెంత? వాతావరణ శాఖవారు పేరు పెట్టునదియు దానిని బట్టియే. గాలి గంటకు 62 కిలోమీటర్ల వేగము నందుకొనువరకు అది వాయుగుండము, ఆపైన తుపాను. కాని గాలి ఎంత తీవ్రమైనదను మాట వేరు, అది ఎంతమేర వ్యాపించినదను మాట వేరు. 1974లో ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్టణమును నేలమట్టము చేసిన ట్రేసీ తుపానులో పెనుగాలులు కేంద్రమునుండి సుమారు 50 కిలోమీటర్ల వరకే వీచెను. 1979లో పసిఫిక్ సముద్రమున పుట్టిన టిప్ తుపానులో అవి సుమారు 1,100 కిలోమీటర్ల దూరము వ్యాపించెను. బలమును బట్టి వైశాల్యమును నిర్ణయింప వీలులేదు.

ఈ వైశాల్యము ఏటేటికి మారుచుండును. తేమ సమృద్ధిగా నున్న గాలిలో పుట్టిన గుండము చుట్టును మేఘములను పెంచుకొని విస్తరించును. పొడిగాలి చుట్టుముట్టినచో కుంచించుకొనును. సముద్రజలముల వేడిమియు, పుట్టిన చోటును దీనికి తోడగును. ఎల్ నినో వత్సరములలో ఈశాన్య ఋతుపవనము దక్షిణమున అధికముగా వర్షించునని శాస్త్రజ్ఞులందురు. 2015 నవంబరులో అట్లే జరిగెను. కాని 2021 దానికి విరుద్ధమైన లా నినా వత్సరము. ఆ యేడు ఏమి జరిగినదో మన మెరుగుదుము.

2021 నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున చెన్నపట్టణము చెంత తీరము దాటినది వట్టి వాయుగుండము. దానికి తుపానను హోదా లేదు, పేరును లేదు. అయినను తిరుపతి వీధులు ఏరులైపారెను. తిరుమల ఘాటురోడ్లపై కొండచరియలు విరిగిపడెను. స్వర్ణముఖి పొంగెను. రాయలచెరువు కట్ట నిలుచునో నిలువదో యని దిగువ గ్రామములవారు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. రాజంపేట సమీపమున చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. మరుసటి యేటి డిసెంబరులో మాండూస్ తుపానై మహాబలిపురము వద్ద తీరము దాటెను. పేరు మ్రోగినది గాని, మన ప్రాంతమున అట్టి వినాశము కలుగలేదు.

కారణము స్పష్టము. తీరము దాటిన పిదప గాలి సన్నగిల్లును, తేమ సన్నగిల్లదు. అది శేషాచలపు కొండలకు తగిలి పైకెగసి, చల్లబడి, కుంభవృష్టియగును. సముద్రతీరవాసికి శత్రువు గాలియు ఉప్పెనయు. మనకు శత్రువు వాన.

వాతావరణ శాఖవారు వర్షసూచనలను కూడ ప్రకటించుచునే యున్నారు. లోపము వినువారి చెవులలో నున్నది. తుపానన్న గాని మనకు భయము పుట్టదు. కావున గ్రామములకు పంపు హెచ్చరికలో వానమేఘము ఏ మండలమునుండి ఏ మండలమువరకు వ్యాపించునో, ఏ చెరువు ఇప్పటికే నిండియున్నదో ముందుగా చెప్పవలెను. గాలి వేగము తరువాత చెప్పవచ్చును.

అధికారులపై మాత్రమే భారము మోపుట న్యాయము గాదు. మొరవకు అడ్డముగా మడికట్టినదెవరు? వాగును పూడ్చి ఇండ్లస్థలములుగా అమ్మినదెవరు? గ్రామమున నీరుగంటి మాట వినుట మానినదెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము మన పొలములలోను, మన వీధులలోను ఉన్నది. రాబోవు గుండము చిన్నదో పెద్దదో మన చేతిలో లేదు. మొరవ తెరచియుంచుట, కట్ట బాగుచేయుట మన చేతిలోనివే. ఆ పని ఆశ్వయుజము గడవకమునుపే పూర్తికావలెను.